దయ్యప్పిలక

ఒట్టు వేసేటప్పుడు నవ్వుతూ వేశాం, అదే మా ఖర్మ. "నేను చస్తే పుర్రెలా రంగులేసిన మొహంతో, నా పిలకతో పాతిపెట్టండి" అన్నాడు నున్జియో. వాడు పాడేవాడు, నేను గిటారు, సాల్ డ్రమ్ములు. నుదుటి మీంచి గడ్డం దాకా వేలాడే జుట్టుపాయని మా పంక్ పాటల జనం దయ్యప్పిలక అంటారు. దానికి సబ్బు రాసి, స్ప్రే కొట్టి కర్రలా చేసేవాడు. వాళ్ళమ్మ తిట్టని రోజు లేదు.

ఊరంతా దయ్యాల వేషాలేసే హాలోవీన్ నాడు మధ్యాహ్నం రంగులు పూసుకుని కచేరీకి బయల్దేరాడు. లోడై ఊళ్ళో రోడ్డు దాటుతుంటే కారు గుద్దేసి పోయింది. పుర్రె మొహంతో, నెత్తుటితో పడున్నవాణ్ణి చూసి జనం చప్పట్లు కొట్టారట. "భలే వేశాడ్రా వేషం!" అంటూ దాటిపోయారట. ఒక ముసలాయన వంగి చూసేసరికి అంతా అయిపోయింది. ఎవర్ని తిట్టను? జనం అలా నమ్మాలనే కదా మేం రంగులు పూసుకున్నది!

కడసారి చూపుల రోజున ఎముకల బొమ్మలున్న తోలు జాకెట్లతోనే వెళ్ళాం. నా జేబులో రంగు డబ్బీలు. గుమ్మంలో వాడి మేనమామ అడ్డొచ్చాడు.

"ఇది చావే, తిరునాళ్ళు కాదు."

"మా దగ్గరున్న మంచిబట్టలివే బాబాయ్" అన్నాడు సాల్.

పెట్టెలో చూస్తే నీలం సూటు, చేతుల్లో జపమాల, పాపిడి తీసి నున్నగా దువ్విన జుట్టు. బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిలక లేదు. మొదలంటా కత్తిరించేశారు!

"ఏ వెధవ కోశాడు దీన్ని?" అని గట్టిగానే అరిచాను.

"నేనే" అంది వాళ్ళమ్మ ఫిలొమీనా, కుర్చీలోంచి లేవకుండానే. "ఏది రంగో, ఏది నెత్తురో తెలీలేదే లొరెట్టా. ఆస్పత్రిలో కూచుని కడిగాను. రంగంతా పోయింది, దెబ్బలు మిగిలాయి. పిలకలో నెత్తురు గడ్డకట్టింది. కొయ్యక ఏం చెయ్యనే? వాడి నుదురు చూసి ఎన్నేళ్ళయిందో."

ఇంక నేనెవరితో పోట్లాడను? అయినా నా నోరు ఊరుకోలేదు.

"ఒట్టు వేయించుకున్నాడమ్మా. పిలక జోలికెవరైనా వస్తే, దువ్వెన పెడితే, లేచొచ్చి కొరుకుతానన్నాడు."

ఆమె చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"పొద్దుట్నించీ దువ్వుతూనే ఉన్నానే" అంది. చేతిసంచీలోంచి దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వొకసారి దువ్వి చూడు. నా మాటెప్పుడూ లెక్కచెయ్యడు. నీమీదైనా కోపమొస్తుందేమో."

సాల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను దువ్వాను.