చాచిన చెయ్యి

ఫోను మోగేసరికి అతను లిఫ్టు కింద గోతిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. పైన తీగల మీద వేలాడే డబ్బా, కింద తను, మధ్యలో ఒక టార్చిలైటు. లిఫ్టు మెకానిక్కుకి స్పానరు ఎంత అవసరమో భయమూ అంతే అవసరం. భయం లేనివాడు ఆ పనిలో ఎక్కువకాలం నిలవడు. కానీ ఆ రోజు ఫోనులో మాట విన్నాక పట్టుకున్న భయం వేరే రకం. అది గోతిలోంచి పైకొచ్చినా వదల్లేదు.

"మీ అమ్మాయి బడి నుంచి మాట్లాడుతున్నాం. రేపు పొద్దున మీరూ మీ ఆవిడా ఒకసారి రాగలరా? కంగారు పడాల్సిందేమీ లేదు."

కంగారు పడొద్దన్నారంటే కంగారు పడాల్సింది ఏదో ఉన్నట్టే కదా. ఏమీ లేనప్పుడు ఎవరైనా ఎందుకు ఓదారుస్తారు?  "సరే" అని పెట్టేశాడు.

వాళ్ళు ఈ దేశం వచ్చి ఒక చలికాలం గడిచింది. ఇంట్లో దేశాల పేర్లు పలకడం ఎప్పుడో మానేశారు. వదిలొచ్చింది "అక్కడ", వచ్చి పడింది "ఇక్కడ". అక్కడ బళ్ళోంచి కబురొచ్చిందంటే అర్థం ఒక్కటే. పిల్ల ఏదో వెలగబెట్టింది, తల్లీతండ్రీ వచ్చి నలుగురి ముందూ తిట్లు తినాలి. అతని చిన్నప్పుడు ఇలాగే కబురొస్తే తండ్రి వెళ్ళి హెడ్మాస్టరు గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో పులిలా ఉండే మనిషి అక్కడ నోరెత్తలేదు. ఆ రోజు పడ్డ దెబ్బలకంటే ఆ దృశ్యమే అతనికి ఎక్కువ గుర్తు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పిచిక వంటింటి బల్ల దగ్గర కూర్చుని గుర్రం బొమ్మకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు తొమ్మిదేళ్ళొచ్చినా పేరు మాత్రం వదల్లేదు.

"ఏం చేశావే బళ్ళో?" అన్నాడు, చెప్పులైనా విప్పకుండా.

పిచిక రంగు పెన్సిలు కింద పెట్టి లేచి నిలబడింది. "బోర్డు మీద లెక్క తప్పు చేశాను నాన్నా."

"అంతేనా?"

"టీచరు ఇంకోసారి చూడమన్నారు. నేను చెయ్యి చాపాను."

"చెయ్యి ఎందుకు చాపావ్?"

పిచిక అతని వంక వింతగా చూసింది. ఇది కూడా తెలీదా అన్నట్టు. అక్కడి బళ్ళో లెక్క తప్పితే ఎవరూ చెప్పకుండానే చెయ్యి చాపాలి, కళ్ళు మూసుకోవాలి, స్కేలు దెబ్బ పడేదాకా కదలకూడదు. వెనక్కి లాక్కుంటే ఇంకోటి. ఇక్కడి పిల్లలకి అదేం తెలుసు? పిచిక ఏదో అడుగుతోందనుకుని ముందు బెంచీ పిల్ల ఆ అరచేతిలో రబ్బరు పెట్టిందట. క్లాసంతా నవ్వింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, ఇలా చెయ్యి చాపడం ఎవరు నేర్పారని అడిగింది. ఇంట్లోనా అని అడిగింది.

"నువ్వేం చెప్పావు?" అని వంటింట్లోంచి తల్లి అడిగింది.

"ఏం చెప్పలేదు. తల దించుకున్నాను. పెద్దవాళ్ళు అడిగితే ఎదురు మాట్లాడకూడదు కదమ్మా."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తల దించుకోవడాన్ని ఇక్కడివాళ్ళు ఎలా అర్థం చేసుకుని ఉంటారో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. 

అన్నం తినే వేళకి ఆమె అన్నయ్య ఊడిపడ్డాడు. బస్సు డ్రైవరు. మూడు దేశాలు తిరిగినవాడు కాబట్టి ఏ విషయం మీదైనా మూడు అభిప్రాయాలుంటాయి. సంగతి వినగానే కుర్చీ లాక్కుని, ముందు పిచికని గదిలోకి పంపించి తలుపు వేయించాడు. బళ్ళ గురించి పిల్లల ముందు మాట్లాడకూడదని ఆ ఇంట్లో నియమం. ఇక్కడ ఎవరూ కొట్టరని పిల్లకి తెలిసిందో, భయం పోతుంది, భయం పోతే చదువూ పోతుంది. ఈ విషయంలో ముగ్గురిదీ ఒకటే మాట.

"మధ్యలో నేనున్న దేశం సంగతి విను బావా" అన్నాడు. "పొద్దున ఒక బడి, సాయంత్రం ఇంకో బడి. పదేళ్ళకే పెద్ద పరీక్ష. అది తప్పితే జన్మంతా స్క్రూలు బిగించుకోవడమే." మెకానిక్ వంక చూసి నాలిక్కరుచుకున్నాడు. "నిన్ననలేదులే. ఇక ఇక్కడ చూడు. పరీక్షల్లేవు, ర్యాంకుల్లేవు. టీచర్ని పేరు పెట్టి పిలుస్తారు. లెక్క తప్పు చేస్తే భలే ప్రయత్నించావని మెచ్చుకుంటారు. చూడ్డానికి అంతా మెత్తనే. కానీ పిల్ల ఒంటి మీద చెయ్యి పడిందని అనుమానం వచ్చిందా, పిల్లని పట్టుకెళ్ళి వేరే ఇంట్లో పెడతారు. మా డిపోలో ఒకడికి అలాగే అయింది."

"ఎవరికి?"

"నాకు తెలిసినవాడికి తెలిసినవాడికి."

ఇంకోరోజైతే ఆ మాటకి ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ సాయంత్రం నవ్వు రాలేదు. ఆమె వంటిల్లు సర్దడం ఆపేసి ఇస్త్రీపెట్టె తీసింది. పొద్దంతా ఇస్త్రీ దుకాణంలో ఊరివాళ్ళ చొక్కాలు రుద్ది వచ్చిన మనిషి, ఇప్పుడు పిచిక గౌను రుద్దింది, రిబ్బను రుద్దింది, చివరికి మేజోళ్ళు కూడా రుద్దింది. 

"పరీక్షకి వెళ్తున్నామనుకో" అన్నాడు డ్రైవరు. "వాళ్ళడిగేవి మనకి తెలుసు. జవాబులు బట్టీ పట్టిద్దాం."

ఆ పని మాత్రం ఆ ఇంట్లో అందరికీ వచ్చు. పిచికని పిలిచి నిలబెట్టారు. ఇంట్లో ఎవరైనా కొడతారా? లేదు, మా అమ్మానాన్నలు నన్ను ఎంతో ప్రేమగా చూసుకుంటారు. నీకు ఎవరంటే భయం? నాకు ఎవరన్నా భయం లేదు, నేను సంతోషంగా ఉన్నాను. ఇక్కడి భాషలోనే, ఒక్క అక్షరం తడబడకుండా, పిచిక గడగడా అప్పచెప్పేసింది. అక్కడ ఎప్పుడూ మొదటి ర్యాంకు మరి. తండ్రికి అంత భయంలోనూ కాస్త గర్వం కలిగింది. కొంప మునిగే వేళ కూడా గర్వపడేది మనమే.

మర్నాడు బళ్ళో వాళ్ళని కూర్చోబెట్టిన గదిలో బల్ల లేదు. పొట్టి కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవలసి వచ్చింది. టీచరమ్మ చాలా చిన్నది, కాలేజీ పిల్లలా ఉంది. ఆమె పక్కన ఒక నెరిసిన జుట్టు పెద్దావిడ. పిల్లల క్షేమం చూసే ఉద్యోగమని ఆవిడే చెప్పుకుంది. ఆ ఉద్యోగం పేరు వినగానే అతనికి రాత్రి మాటలు గుర్తొచ్చాయి. డ్రైవరు చెప్పింది ఈవిడ గురించే.

పెద్దావిడ పిచిక వైపు వంగి, "నిన్న చెయ్యి చాపావట..." అని మొదలుపెట్టింది.

పిచిక చటుక్కున లేచి చేతులు కట్టుకుంది. "లేదు, మా అమ్మానాన్నలు నన్ను ఎంతో ప్రేమగా చూసుకుంటారు."

"నేనింకా ఏమీ అడగలేదు తల్లీ. కూర్చో. పొద్దున ఏం తిన్నావు?"

ఇది సిలబస్‌లో లేదు. పిచిక తండ్రి వంక చూసింది, తల్లి వంక చూసింది. జవాబు ఎక్కడా దొరకలేదు. చివరికి వచ్చింది చెప్పేసింది. "నాకు ఎవరన్నా భయం లేదు, నేను సంతోషంగా ఉన్నాను."

  రాత్రి అంత ముద్దొచ్చిన ఆ జవాబు, ఇక్కడ, ఈ వెలుతురులో, బెదిరించి నేర్పించినట్టే ఉంది. పెద్దావిడ మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపాన్ని ఎలా భరించాలో అతనికి తెలుసు. ఆవిడ నెమ్మదిగా, "అమ్మాయితో కాసేపు ఒంటరిగా మాట్లాడతాను. మీరు బయట కూర్చోండి" అంది.

బయట నడవాలో పిల్లల కోట్లు వరసగా కొక్కేలకి వేలాడుతున్నాయి. తలుపుకి చిన్న అద్దం. అందులోంచి పిచిక వీపు, ఇస్త్రీ చేసిన రిబ్బను మాత్రమే కనిపిస్తున్నాయి. మాటలు వినపడవు. అతని కళ్ళు మాత్రం గదికి అవతలి వైపున్న రెండో తలుపు మీద పడ్డాయి. అది ఎక్కడికి తెరుచుకుంటుందో? దాని వెనక కారు ఉంటుందా? పిల్లని అటునుంచి అటే తీసుకుపోతే, తను ఇటు పరిగెత్తాలా అటు పరిగెత్తాలా?

"మనం దాన్నెప్పుడూ కొట్టలేదుగా" అంది భార్య. "ఒక్కసారైనా కొట్టలేదు. మరి ఎందుకింత భయం?"

  అతను ఆమె చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. తనదీ అలాగే ఉందని ఆమె అంది.

తలుపు తెరుచుకుంది. లోపలికి రమ్మన్నారు. పిచిక ఉన్నచోటే ఉంది. అది చూశాక కాని అతనికి ఊపిరాడలేదు.

"మా పిల్లని తీసుకుపోతారా?" అన్నాడు. మర్యాదలు, ముందుమాటలు ఏవీ గుర్తు రాలేదు.

"లేదు" అంది పెద్దావిడ. "ఇంట్లో మీరు కొట్టరని చెప్పింది. ఈసారి తన సొంత మాటల్లో చెప్పింది, నేను నమ్మాను. కొట్టింది పాత బళ్ళో మాస్టారు. కానీ ఆయన్ని కొట్టమని చెప్పింది మీరేనంటోంది. నిజమేనా?"

"నేనా?" అన్నాడు. అంతలోనే గుర్తొచ్చింది.

పిచికని అక్కడి బళ్ళో చేర్పించిన రోజు. మాస్టారి ముందు నిలబడి, "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ, మాకు చదువొస్తే చాలు" అన్నాడు. అందరూ అనే మాటే. అతని తండ్రీ అన్నాడు. దణ్ణం పెట్టినట్టు, కుశలం అడిగినట్టు, అదొక మాట. మాస్టారు నవ్వాడు, భార్య కూడా నవ్వింది. అతని చూపుడువేలు పట్టుకుని కింద నిలబడ్డ పిచిక నవ్విందో లేదో ఎవరూ చూడలేదు.

"అది... మాకు మర్యాద" అన్నాడు, వచ్చీరాని భాషలో. నోట్లోంచి బయటపడగానే ఆ మాట ఎంత రోతగా ఉందో అతనికే తెలిసింది. 

"మీ పద్ధతులు నాకు తెలీవు, నేను తీర్పు చెప్పను" అంది పెద్దావిడ. "అమ్మాయి నన్నొకటి అడిగింది, అది మీకు చెప్పాలి. ఈ బళ్ళో కొట్టడం ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది. వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తోందట."

టీచరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

చలికాలమంతా పిచిక ఈ బడికి వచ్చింది. రోజూ పొద్దున్నే, మారాం చెయ్యకుండా, నవ్వుతూ. ఇక్కడ దెబ్బల్లేవని అతను లిఫ్టులు ఎక్కేవాళ్ళకి చెప్పాడు, దిగేవాళ్ళకి చెప్పాడు, ఫోనుల్లో అక్కడివాళ్ళకి గొప్పగా చెప్పాడు. తలుపులు వేసుకుని ఆ బడినీ ఈ బడినీ పోల్చి పోల్చి చూశారు ముగ్గురూ. ఆ ఒక్క ముక్క తెలియాల్సిన మనిషిని మాత్రం తలుపు అవతల కూర్చోబెట్టారు. అతనికి ఏడుపొచ్చింది. సిగ్గేసింది. అన్నిటికంటే ఎక్కువగా, ఆ పొద్దులన్నీ ఆ చిన్న గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో తలుచుకుంటే భయమేసింది.

పిచిక మెల్లగా వచ్చి అతని చొక్కా చివర పట్టుకుంది. ఎవరికీ వినపడకూడదని ఇంటి భాషలో అడిగింది. "నాన్నా, ఇప్పుడు ఈ టీచరుకి చెప్తావా?"

"ఏమని తల్లీ?"

"కొట్టమని. అందుకే కదా నిన్ను పిలిచారు." తన అరచేతులు చూసుకుంది. "చెప్తే, ఎడమ చేతి మీద కొట్టమని చెప్పు నాన్నా. కుడి చేత్తో రాసుకోవాలి కదా."

తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అతను కుర్చీలోంచి లేచాడు.  టీచరమ్మ ముందు, అప్పుడు మాస్టారి ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. పిచిక అతని మొహాన్నే చూస్తోంది.

"మా అమ్మాయిని కొట్టకండి" అన్నాడు, ఇక్కడి భాషలో, పిచికకి అర్థమయ్యేలా.

"అయ్యో, మేమసలు..." అనబోయింది టీచరమ్మ. పెద్దావిడ ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. టీచరమ్మ మాట మింగి, నిటారుగా నిలబడి, ఎంతో పెద్దమనిషిలా చెప్పింది. "కొట్టను."

పిచిక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "రేపు?"

"రేపు కూడా కొట్టను."

"లెక్క తప్పు చేసినా?"

"ఎప్పుడూ కొట్టరమ్మా, ఇక్కడ ఎవ్వరూ కొట్టరు" అన్నాడు అతను ఆత్రంగా, వంగి పిల్ల భుజం పట్టుకుంటూ. పిచిక అతని వంక చూడలేదు. టీచరమ్మ వంకే చూస్తోంది, ఆ మాట ఆవిడ నోటితో చెప్పేదాకా.