ఇంకా నడుస్తున్న పని

ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాన్‌ని ఆపుతూ ఆమె నవ్వుకుంది. కొత్త పెళ్లి మురిపెం ఇంకా తీరలేదు. భర్త ఏయే గదుల్లోంచి వెళ్లాడో ఇల్లే చెబుతుంది: మంచం మీద తడి తువ్వాలు, కిటికీ గట్టున సగం తాగిన కాఫీ, వెలుగుతూనే ఉన్న స్నానాలగది లైటు. ఆఫీసులో తను చేసేదీ ఇదేగా! కంప్యూటర్లో నడిచే ప్రతి పనీ కాస్త మెమరీ తీసుకుంటుంది, నాలుగు ఫైళ్లు తెరుస్తుంది, వెళ్లేటప్పుడు ఎక్కడివక్కడే వదిలేస్తుంది. ఏ పని ఏం తీసుకుందో కనిపెట్టి ఉండి, అది ముగియగానే అన్నీ వెనక్కి తీసుకునే ప్రోగ్రాం ఆమెది. "అక్కడ జీతమిస్తారు, ఇక్కడేమో ముద్దిస్తారు" అని ఒకసారి అంటే, "ముద్దే గిట్టుబాటు" అన్నాడు భర్త. ఆ మాటకి ఆమె రోజంతా గాల్లో తేలింది.

అనుమానం మొదలైంది బల్ల దగ్గర. ఆమె ల్యాప్‌టాప్ పెట్టుకునే బల్లని అత్తగారు తుడిచి, కుట్టుమిషను ఎక్కించేశారు.

"ఇకముందు నీకెందుకులేమ్మా ఇది."

"ఇకముందంటే ఏంటత్తయ్యా?"

"అబ్బే, ఊరికే అన్నాలే."

ఊరికే అన్నారా? ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ కొత్తగా చేరిన అమ్మాయికి వెళ్లింది. టీమ్ లీడర్ ఆమె భర్తకి కాలేజీ స్నేహితుడు, వరసలు కలపడంలో దిట్ట. "నీకు తెలిసిందంతా ఆ పిల్లకి నేర్పించెయ్ చెల్లెమ్మా, ఎందుకైనా మంచిది" అన్నాడు. ఎందుకైనా అంటే ఎందుకు? ఇంట్లో ఆమె గదిలోకి రాగానే భర్త ఫోన్లో గొంతు తగ్గిస్తున్నాడు. ఒక ఉదయం సిగ్గు విడిచి అతని చొక్కా కాలరు వాసన చూసింది. తన షాంపూ వాసనే! ఫక్కున నవ్వొచ్చింది. కానీ గుండెలోని ముల్లు మాత్రం కదల్లేదు.

అంతలో ఆఫీసులో గోల. చక్కగా నడుస్తున్న ఒక పని ఉన్నట్టుండి కూలబడింది. ఆమె ప్రోగ్రాం దాని ఫైళ్లు మూసేసి, మెమరీ లాక్కుని వేరేవాటికి పంచేసింది.

"సర్దుడు ఎక్కువైంది చెల్లెమ్మా. ఇంటి అలవాటు!" అన్నాడు లీడర్. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. ప్రోగ్రాంని మెల్లగా, ఒక్కో అడుగూ ఆపి ఆపి నడిపిస్తూ చూసింది. అది దానికి చెప్పిందే చేసింది. తేడా అంతా ఆ మాట చెప్పిందెవరన్న దగ్గరే. ఆ పని పక్కన ఇంకో పని దాని కోసం ఎదురుచూసి చూసి, విసిగి, 'అది ముగిసిపోయింది' అని ప్రోగ్రాంకి కబురు పెట్టింది. నిజమా అని అసలుదాన్ని అడిగినవాళ్లే లేరు.

ఆమె చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. బల్ల. కుర్చీ. నేర్పించెయ్ చెల్లెమ్మా.

లేచి వెళ్లి లీడర్ ముందు నిలబడింది. "నేను ఉద్యోగం మానేస్తున్నానని మీకెవరు చెప్పారు?"

"అదేంటి, మీ ఆయనే! నెలాఖరుకి మానేస్తావనీ, ఇంకా బయటికి చెప్పొద్దన్నావనీ..." అతని నవ్వు సగంలో ఆగింది. "నువ్వు అనలేదా?"

"లేదు. నేను మానడం లేదు. నా కుర్చీ నాకు కావాలి."

మెట్ల మీద నిలబడి భర్తకి ఫోన్ చేసింది. అతను బుకాయించలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"అలసిపోతున్నావని నేనూ అమ్మా అనుకున్నాం బంగారం. నీకు మెల్లగా చెబుదామనే... పాడుకుంటూ ఇల్లు సర్దుతుంటావుగా, నీకిదే ఇష్టమనుకున్నా."

ఆమె సంతోషాన్నే సాక్ష్యంగా పట్టుకొచ్చాడు. ఆమె ఫోన్ పెట్టేసి వచ్చి, ప్రోగ్రాంలో ఒక నియమం మార్చింది: ఒక పని ముగిసిందని పక్కది చెబితే చెల్లదు.

సాయంత్రం ఇంటికి రాగానే కుట్టుమిషను దింపి హాల్లో పెట్టింది. అత్తగారు ఆమె ముఖం చూసి పక్కకి జరిగారు. ఆమె బల్ల ముందు కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. భర్త కాఫీ కప్పు పట్టుకుని పడగ్గదిలోంచి వచ్చి, బెరుగ్గా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని వెనక ఖాళీ గదిలో గరగరమని చప్పుడు. ఆమె అలవాటుగా సగం లేచింది. మళ్లీ కూర్చుంది.

"ఏమండీ, మీ ఫ్యాన్ తిరుగుతోంది. నాకింకా పనుంది."