సాలు తప్పిన మనిషి

పద్మప్రియకు మామగారితో వేగడం కష్టమే. ముత్యాలప్ప కంటికి లోకంలో తిన్నగా కనిపించేది తాను నాగలితో తోలిన సాలొక్కటే. కోడలు వేసిన ముగ్గు వంకర, ఆరేసిన బట్టలు వంకర, కొడుకు శ్రీకాంత్ పాపిడి మరీ వంకర. ఇక ఆమె చదివిన బి.ఏ. ఇంగ్లీషు సంగతి సరేసరి. "ఆ సదువు యాడికి పనికొస్తాదమ్మా?" అని కాఫీ తాగినప్పుడల్లా అడిగేవాడు. ఆమె మరునాటి కాఫీలో చక్కెర తగ్గించి బదులు చెప్పేది.

అంతటి మనిషి, ఆ ఏడాది వానలకు ముందు, టైఫాయిడ్‌తో మంచాన పడ్డాడు. దుప్పటి అంచును నాగలి మేడిలా బిగించి పట్టుకుని, ఎప్పుడో అమ్మేసిన మైలరంగు ఎద్దును అదిలిస్తూ, మంచం మీదే సేద్యం మొదలుపెట్టాడు. చూడ్డానికొచ్చిన ముసలమ్మలు సంధి కొట్టిందన్నారు. అనంతపురం డాక్టరు డెలీరియం అన్నాడు. వాళ్ళ ఊరు బత్తలపల్లె మాత్రం పిచ్చి అని తేల్చేసింది.

జ్వరం దిగింది. మాట నిలకడగా వచ్చింది. ఆ పేరు మాత్రం దిగలేదు.

ఇంతలో వాన పడి నేల వేరుశనగ విత్తడానికి పదునైంది. విత్తే రోజు, విత్తనం గొర్రు పట్టి, మొదటి సాలు ఇంటి పెద్దే తోలాలి. గట్టు మీద నిలబడి ఊరు చూస్తుంది. సాలును బట్టి మనిషిని తూచేస్తుంది.

"ఈతూరి గొర్రు నేను పడతా," అన్నాడు శ్రీకాంత్. "నాయన మతి సరిగా లేదు. పదిమంది నవ్వుతారు."

గడపలో కూచున్న ముత్యాలప్ప తల దించుకున్నాడు. ఎదురు తిట్టని మామను పద్మప్రియ చూడలేకపోయింది.

"డాక్టరు చెప్పింది పిచ్చి కాదు," అంది. "డెలీరియం లాటిన్ మాట. ఆ రోమన్లూ మన మాదిరి సేద్యగాళ్ళే. లీర అంటే సాలు. సాలు వదిలి పక్కకు పోవడం డెలీరియం. జ్వరం ముదిరి బుద్ధి అట్ల పక్కకు పోతే ఆ మాట వాడతారు. జ్వరం పోతే మళ్ళీ సాల్లోకే వస్తుంది."

ముత్యాలప్ప తలెత్తాడు. "సాలు తప్పిందని ఎద్దును అమ్ముకుంటామా? మళ్ళేసి తోల్తాం!"

"అదే కదా మామా."

"ఆ రోమోళ్ళు యా ఊరోళ్ళో గానీ, తెలిసినోళ్ళేమ్మా."

పొద్దున గొర్రు ఆయనే పట్టాడు. శ్రీకాంత్ మొహం మాడ్చుకుని వెనకే నడిచాడు. దారం పట్టినట్టు సాగిన సాలు, చేను మధ్యకొచ్చేసరికి పక్కకు వంగింది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"సూసినావా? చెప్తే వింటివా?" పెళ్ళాం మీద కేకేస్తూ ఉరికాడు శ్రీకాంత్.

వంపు దగ్గర కూచుని చూస్తే, నేలలో కలిసిపోయిన మచ్చల గుడ్లు. పైన తీతువు పిట్ట అరిచి గోల చేస్తోంది. గుడ్లను చుట్టి వచ్చిన సాలు అవతల మళ్ళీ దారంలా పోయింది.

"కండ్లు యాడ పెట్టినావురా?" అన్నాడు ముత్యాలప్ప. "నువ్వయితే వాటి మిందనే తోల్దువు." తర్వాత గట్టు వైపు తిరిగి గొంతెత్తాడు. "మా కోడలు బి.ఏ. చదివింది! రోమోళ్ళ సేద్యం గూడా తెలుసు!"

పద్మప్రియ కొంగు నడుముకు దోపుకుని, ఆ సాలు తానే తోలినట్టు నిలబడింది. ఆ పూట కాఫీలో చక్కెర ఎక్కువే వేయాలనుకుంది.

శ్రీకాంత్ గుడ్ల దగ్గర్నుంచి లేచాడు. గట్టు మీది వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

"నాదే తప్పు నాయనా. ఊరు చెప్తే నమ్మితి, ఇంట్లో చెప్తే నమ్మలేదు."