అప్పాజీ గారి నారుమడి

కాలువ కట్టేసిన వేసవిలో రూతుకి పొద్దున్నే ఒక పని ఉండేది. అంబలి ముంత, ముక్కాలిపీట పట్టుకుని రాజరత్నం మావయ్యని కామందు అప్పాజీ గారి నారుమడికి తీసుకెళ్లాలి. మడి మధ్య పీట వేసి ఆయన్ని కూర్చోబెట్టి, తను గట్టున కూర్చుని కబుర్లు అడగాలి.

రాజరత్నం, రూతు తల్లి దీనమ్మకి తమ్ముడు. సిపాయిగా బర్మా యుద్ధానికి వెళ్లి చలిజ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరంతోపాటు అక్కడి వానా వెంట వచ్చింది. యుద్ధం సంగతి చెబితే చాలు, ఆయన చుట్టూ కురిసేది. పొయ్యి ఆరిపోతోందని దీనమ్మ ఆయన్ని వాకిట్లో కూర్చోమనేది. రామచంద్రపురం చుట్టుపక్కల రైతులంతా కాలువ లాకులు తీసి నీళ్లు వదిలేదాకా ఆగితే, అప్పాజీ గారు ఆ వానని నమ్ముకుని ముందే విత్తనం చల్లించేవారు.

రాజరత్నం రూతుకి తప్ప ఎవరికీ ఏమీ చెప్పడు. రూతుకి ఆయనంటే ప్రాణం. ఓడలో వాంతులు చేసుకున్న తెల్లదొర సంగతి చెబితే ఇద్దరూ నవ్వేవారు, తుంపర పడేది. చచ్చిన ఏనుగుల సంగతికి జల్లు పడేది. కబురు ఎంత చేదుదైతే వాన అంత పెద్దది.

ఆ ఏడు లాకుల మరమ్మతు తెమల్లేదు. నారు ఎండుముఖం పట్టింది. అప్పాజీ గారు గొడుగు వేసుకుని గట్టు మీదికి వచ్చారు.

"ఏమే, ఈ తుంపరకి చీమ కూడా తడవదు. గట్టిది అడగవే."

"మావయ్యకి ఒళ్లు కాలిపోతోందండి."

"అందుకేగా తడుపుతున్నాం!"

పాలేళ్లు నవ్వారు. గట్టు చెక్కుతున్న దీనమ్మ మాత్రం తల ఎత్తకుండానే కూతురితో అంది.

"అడుగు తల్లీ. మనం పాక వేసుకున్న జాగా బాబుగారిది. నారు పోతే మనమెక్కడుంటాం?"

రూతు మడిలోకి దిగింది. మావయ్య మోకాలు పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"మావయ్యా, నువ్వక్కడ ఎవర్నయినా చంపావా?"

ఆయన ఆమె ముఖం చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"నువ్వడిగావు గనక చెబుతున్నానే, రూతమ్మా. ఊరు తగలబెట్టమన్నారు. వానకి కప్పులు అంటుకోలేదు. మనుషుల్ని బయటికి లాగమన్నారు. గుంజల మీద ఇళ్లు. ఒక ఇంటి కింద నీ ఈడు పిల్ల నక్కి ఉంది. నవ్వి చెయ్యి చాపాను. నన్ను నమ్మి వచ్చిందే."

ఆ పైమాట ఎవరికీ వినపడలేదు. వాన విరుచుకుపడింది. ఒక్క చుక్క బయటికి పోకుండా పాలేళ్లు గట్లకి మట్టి వేస్తూ పరుగులు పెట్టారు. పీట మీద మనిషిని చూసే తీరిక ఎవరికీ లేదు. రూతు ఒక్కతే ఆయన్ని పట్టుకుని కూర్చుంది. వాన తగ్గేసరికి ఆయన ఒళ్లు చల్లబడింది. జ్వరం వదిలిందని ఆ పిల్ల సంతోషించింది.

చర్చి ఉపదేశి వచ్చి ప్రార్థన చేశాడు. శవం మీద కప్పడానికి అప్పాజీ గారు పాత పంచె పంపించారు. నారు తేరుకుంది.

మర్నాడు దీనమ్మ అంబలి పోస్తుంటే రూతు కళ్లు మావయ్య ముంత మీద పడ్డాయి. తెల్లదొర వాంతులు గుర్తొచ్చాయి. నవ్వొచ్చింది. నెత్తి మీద చినుకు పడింది. తర్వాత ఇంకోటి. దీనమ్మ గబుక్కున తలుపు మూసి, పిల్ల నోరు నొక్కి పట్టుకుంది. నీళ్లు మాత్రం గడప కింద నుంచి వీధిలోకి పారాయి.

సాయంత్రం పాలేరు వచ్చి తలుపు తట్టాడు.

"రెండో మడి బీటలిచ్చిందమ్మా. బాబుగారు పిల్లని పంపమన్నారు. పీట అక్కడే ఉంది, తేనక్కర్లేదు."