గోరీ లేని బిడ్డ

“అందరి బిడ్డలూ లేచి, నా రమణ ఒక్కడే లేవకపోతే నేనేం గావాల అయ్యగారూ?”

పాస్టరు ఇశ్రాయేలు ఇంకా చెప్పులు కూడా విడవలేదు, నాగవేణి అడిగేసింది. తెల్లారితే ఈస్టరు. ఆరాధన కాగానే ఆమెకు బాప్తిస్మం. ఆ సంగతి మాట్లాడదామనే ఆయన అర్ధవీడు వచ్చాడు.

పొద్దున ఆమె సంఘపు ఆడవాళ్లతో సమాధుల తోటకు పోయి గోరీలకు సున్నం కొట్టి వచ్చింది. ప్రభువు పిలిచిన రోజున మావాళ్లు ఇక్కణ్ణుంచే లేస్తారని ఒక్కొక్కరూ తమ గోరీ చూపించుకున్నారు. ఆమెకు చూపించుకోవడానికి గోరీ లేదు. విషజ్వరంతో పోయిన కొడుకును ఇంటి ఆచారం ప్రకారం కాల్చి, బూడిద గుండ్లకమ్మలో కలిపారు. ఇంటికొచ్చినా చేతికంటిన సున్నం కడుక్కోబుద్ధి కాలేదు.

ఇశ్రాయేలు నవ్వలేదు. మనిషిని లేపేది గోరీ కాదమ్మా అన్నాడు. యేసు గోరీ ఖాళీగా ఉండడం చూసిన ఆడవాళ్లు కూడా నీలాగే వణికిపోయారన్నాడు. తలుపులేసుకుని దాక్కున్న శిష్యులు, లేచిన ఆయన్ను కళ్లారా చూశాక ప్రాణం మీదికొచ్చినా మాట మార్చలేదని, తాము కల్లలాడుతున్నామని తెలిసి అంతమంది చావుకు ఒప్పుకుంటారా అని అడిగాడు. ఆయన లేచాడు గనుకే మనవాళ్లూ లేస్తారని మన నమ్మకం. మట్టితో మనిషిని చేసినవాడికి బూడిద ఒక లెక్కా అన్నాడు.

గడపలో కూర్చుని తాడు పేనుతున్న యల్లయ్య తలెత్తలేదు. భార్యను గుడికి పోవద్దనలేదు గానీ, “నా గొర్రెల మంద నాకు చాలు సామీ, మీ మందలో నన్ను కలపాకండి” అని పాస్టరును ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. కొడుకు పోయిన నాటినుంచి వాడి మాట మాత్రం ఎత్తలేదు.

నాగవేణికి కాస్త ఊపిరాడింది. అంతలోనే ఇంకో భయం.

“లేస్తాడే అనుకోండి. కొత్త ఒళ్లు ఇస్తాడంటిరి గదా. ఆ ఒంట్లో వాణ్ని గుర్తుపట్టక నేను పక్కనుంచే పోతే?”

ఇశ్రాయేలు బైబిలు తెరిచాడు, పేజీలు తిప్పాడు, మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. దొడ్లో గొర్రెపిల్ల ఒకటి అరిచి అరిచి ఊరుకుంది.

యల్లయ్య తాడు పక్కన పెట్టాడు.

“మీ దేవుని సంగతి నాకు తెలీదు. వాడు నిన్ను ఒక్కనాడన్నా అమ్మా అన్న్యాడా? నా తమ్ముళ్లను చూసి వాడు గూడా వదినా అనే గదా పిలిచింది. కన్నకొడుకు వదినా అని పిలిస్తే, గుర్తుపట్టకుండా యాడికి పోతావే?”