చుట్టాల తలూపుడు

నాన్నకి చెవుడు నేవీ ఇచ్చిన ఆస్తి. యుద్ధనౌక అడుగున, ఇంజిన్ గదిలో పాతికేళ్ళు పనిచేసి వచ్చిన మెకానిక్కి అది పెన్షన్‌తో పాటే వచ్చింది. చెవి దగ్గర శంఖం ఊదినా ఉలిక్కిపడేవాడు కాదు. డాక్టరు చెవికి మెషిన్ ఇస్తే ఒక్క పూట పెట్టుకుని, తీసి సొరుగులో పడేశాడు. "ఆ మోత వినీ వినీ ఇప్పుడే కాస్త సుఖపడుతున్నాను. మళ్ళీ మొదలెట్టమంటావా?" అన్నాడు డాక్టరుతో. అన్నాడంటే మామూలుగా కాదు, బయట వరసలో కూర్చున్న రోగులందరూ వినేలా అన్నాడు. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినపడదేమోనని ఆయన అనుమానం. నాన్న రహస్యం చెబితే పక్కింటివాళ్ళు సలహా ఇచ్చేవాళ్ళు.

ఆ ఇంట్లో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. ముందు ఆయన ఎదుటికి రావాలి. మొహం మీద వెలుతురు పడేలా నిలబడాలి. అప్పుడు పెదాలు నిదానంగా కదిలిస్తే నాన్న ఆ మాటని కళ్ళతో పట్టుకునేవాడు. కరెంటు పోయిందంటే ఇంట్లో పోట్లాటలు కూడా ఎక్కడివక్కడే ఆగిపోయేవి. అమ్మకి మాత్రం ఇందులో ఒక సదుపాయం దొరికింది. నాన్న మీద ఒళ్ళు మండినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగి, గోడకి చెప్పుకుంటున్నట్టు తనివితీరా తిట్టుకునేది. ఒకరోజు వెనకనించి నాన్న, "అయిందా? భుజాలు చూస్తే ఇంకా సగం మిగిలినట్టుందే" అన్నాడు. అమ్మకి నవ్వాగక గరిటె పొయ్యి మీదే వదిలేసి వచ్చి కూర్చుంది.

చిన్నప్పుడు కూతురికి ఈ కేకలంటే చచ్చేంత సిగ్గు. ఒకసారి నాన్న బడికి వచ్చి, "మా పిల్ల లెక్కల్లో ఎందుకు తప్పిందండీ?" అని టీచర్ని అడిగాడు. అడిగింది టీచర్నే గానీ విన్నది బడంతా. ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది. దారంతా ఆమె మొహం చూసి, "పోనీలేవే. ఇంజిన్ కూడా ఒక్కోరోజు మొరాయిస్తుంది. తంతామా? నూనె పోసి తుడుస్తాం" అని ఓదార్చుకుంటూ వచ్చాడు. ఇంటికి చేరేలోపు పండ్ల కొట్టువాడు, దర్జీ కూడా ఆమెని ఓదార్చారు. ఆ రోజు ఆమె నాన్న మీద అలిగి అన్నం తినలేదు. నాన్న కూడా తినలేదు.

బయటివాళ్ళ పెదాలు ఆయనకి అంత బాగా అందేవి కావు. మళ్ళీ చెప్పమంటే చిన్నబుచ్చుకుంటారని, చుట్టాలు ఏం చెప్పినా చిరునవ్వుతో, మెల్లగా, ఆపకుండా తల ఊపేవాడు. పెళ్ళి కబురుకీ అదే, చావు కబురుకీ అదే. ఇంట్లో దానికి చుట్టాల తలూపుడు అని పేరు పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఎన్నడూ అలా ఊపలేదు. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అని గద్దించేవాడు.

కూతురు పెద్దదై పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. పొద్దున్న తగిలించుకున్న మాస్కు సాయంత్రానికి గానీ తీసే పని ఉండదు. అది మొహం మీద ఉన్న సంగతే మరిచిపోయేంత అలవాటు. నాన్న ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరితే, పని మధ్యలోనే పరుగున వెళ్ళింది. ఆ వార్డులోకి మాస్కు లేకుండా ఎలాగూ రానివ్వరు. మంచం పక్కన కూర్చుని, నాన్న చెయ్యి పట్టుకుని, ఎన్నాళ్ళనించో చెప్పాలనుకుంటున్న మాట చెప్పేసింది. నాన్న ఆమె కళ్ళలోకి చూస్తూ చిరునవ్వుతో, మెల్లగా, ఆపకుండా తల ఊపాడు.

వరండాలోకి వచ్చి మంచినీళ్ళు తాగబోతే గ్లాసు మాస్కుకి తగిలింది. గ్లాసు అక్కడే వదిలేసి వెనక్కి పరుగెత్తింది. అప్పటికే ఊపిరి గొట్టం వెయ్యడానికి నాన్నకి మత్తు ఇచ్చేశారు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అమ్మకి అసలే చెప్పలేదు. లోకంలో అందరికీ మాస్కులోంచి మాట వినిపిస్తుంది, ఒక్క తన తండ్రికి తప్ప. ఆ తండ్రి కూతురై ఉండి అది మరిచిపోయింది. పోయేముందు నాన్న తనని చుట్టాన్ని చేసి, మర్యాద చేసి వెళ్ళిపోయాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నా, దిండు మీద తల వాల్చినా ఆ తలూపుడే కళ్ళముందు ఆడేది.

కొన్ని వారాలకి, ఓడలో ఆయనతో పనిచేసినవాళ్ళంతా కలిసి ఒక హాలు తీసుకుని సంతాప సభ పెట్టారు. ముందు వరసంతా ఇంజిన్ గది మనుషులే. నాన్న ఫొటో పెట్టడానికి స్టాండు దొరక్క, ఆ వరస చివరి కుర్చీలోనే నిలబెట్టారు. ఆయన కూడా సభకి వచ్చి కూర్చున్నట్టే ఉంది.

ఆమె అన్న మైకు పట్టుకుని దేశసేవ గురించి, క్రమశిక్షణ గురించి చాలా చక్కగా మాట్లాడాడు. వెనక వరసల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. కూతురి చూపు ముందు వరస మీద పడింది. ఆ ముసలివాళ్ళందరూ చిరునవ్వుతో, మెల్లగా, ఆపకుండా తలలు ఊపుతున్నారు. మైకు అన్న మూతిని సగం కప్పేసింది. వెనక కిటికీ వెలుతురికి మొహం నల్లగా కనిపిస్తోంది. వాళ్ళకి ఒక్క ముక్క కూడా అందలేదు.

తన వంతు వచ్చింది. రెండు మాటలు చెప్పి దిగిపోదామని వచ్చిన మనిషి, మైకు దాటి కిందికి దిగింది. ఒక స్టూలు లాక్కుని ముందు వరసకి ఎదురుగా, వెలుతురు మొహం మీద పడేలా కూర్చుంది. "మైకు, మైకు" అని అన్న సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె పట్టించుకోలేదు. అమ్మ గోడకి తిట్లు అప్పజెప్పిన సంగతి నిదానంగా చెప్పింది. వాళ్ళు ఊపడం ఆపి ముందుకి వంగారు. భుజాల దగ్గరికి వచ్చేసరికి హాలు ఎగిరిపోయేలా నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గ్రీజు మావయ్య అని చిన్నప్పటినించీ ఆమె పిలిచే ఆయన, నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఆఖర్న వాడితో ఏం మాట్లాడావమ్మా?" అని అడిగాడు. అది ప్రశ్నలా లేదు, కేకలా ఉంది.

ఆమె అబద్ధం చెబుదామనుకుంది. అంతమంది తన పెదాల వంకే చూస్తుంటే అబద్ధం రాలేదు.

"చెప్పాను మావయ్యా. కానీ మాస్కు పెట్టుకుని చెప్పాను. నాన్నకి అందలేదు" అంది.

గ్రీజు మావయ్య కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుని, "ఏం చెప్పావో మాకు చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. "నాన్నా, చిన్నప్పుడు నీ కేకలంటే సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఇంట్లో చప్పుడు లేదు. నాకు ఏం బాగోలేదు. తొందరగా వచ్చేసి కేకలెయ్యి."

పక్క కుర్చీ ఆయన సరిగ్గా అప్పుడే కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "ఏమంది?" అని గ్రీజు మావయ్య మోకాలు తట్టాడు. మావయ్య ఆయన వైపు తిరిగి, చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. ఆయన ఆ పక్కాయనకి చెప్పాడు. ఇంజిన్ గదిలో మాట అలాగే నడిచేదట, ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి, చివరి మనిషికి అందేదాకా. ఎవరూ ఒక్క ముక్క కూడా వదిలిపెట్టలేదు. ఒక్కొక్కరి గొంతూ నాన్న గొంతులాగే ఉంది.

చివరాయన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని శ్రద్ధగా విన్నాడు. విని, అలవాటు కొద్దీ పక్క కుర్చీ వైపు తిరిగాడు. ఆ కుర్చీలో ఫొటో ఉంది. ఆయన ఆగలేదు.

"ఒరేయ్, నీ కూతురు చెబుతోందిరా. చిన్నప్పుడు నీ కేకలంటే సిగ్గుపడేదంట. ఇప్పుడు ఇంట్లో చప్పుడు లేదంట. పిల్లకి ఏం బాగోలేదంట. తొందరగా వచ్చేసి కేకలెయ్యమంటోంది" అన్నాడు, చెవులు చిల్లులు పడేలా.

ఆమె ఆ స్టూలు మీదే, అంతమంది ముందు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అన్న లేవబోతే అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఏడవనీరా," అంది అమ్మ. "వాళ్ళ నాన్నతో మాట్లాడుకుంటోంది."