ఎడమ పక్క గెడ

బుడమేరు పొంగి బెజవాడలో ఇళ్ళు మునిగిన ఏడాది అది. ఆ నీళ్ళన్నీ మా కొల్లేట్లోకే దిగాయి. తెగిన చెరువు గట్లు కట్టుకుని, మళ్ళీ చేపపిల్ల వేసుకుని, కాస్త కుదుటపడేసరికి క్రిస్మస్ నెల వచ్చింది. ఆ నెలలోనే కారు ప్రమాదం జరిగింది.

తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఇంట్లో ప్రార్థన కూడికకు వెళ్ళి, నేనూ నా భార్య సారమ్మా అద్దె కారులో తిరిగి వస్తున్నాము. భీమడోలు దాటాక ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. కారు వెళ్ళి దాన్ని గుద్దింది. సారమ్మకు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ముందు సీట్లో ఉన్న నాకు ఎడమ తొడ ఎముక విరిగింది. ఏలూరు ఆస్పత్రిలో లోపల రాడ్డు వేశారు.

నేను పాతికేళ్ళుగా బుచ్చిబాబు గారి చేపల చెరువులో మేత కడుతున్నాను. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన కర్రలకు వేలాడగట్టాలి. చేపలు ఆ చిల్లుల్లోంచి తింటాయి. పడవ మీద నిలబడి, గెడతో తోసుకుంటూ ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్ళాలి. మర్నాడు సంచి ఎత్తి చూస్తే చేప ఎంత తిన్నదీ, బాగున్నదీ లేనిదీ చేతికి తెలిసిపోతుంది. ఆ పని మళ్ళీ చేయగలనా అన్నదొక్కటే ఆస్పత్రి మంచం మీద నా ఆలోచన.

ఇంటికి వచ్చాక నొప్పి పొద్దున లేవగానే ఎక్కువగా ఉండేది. తొడలో ఎవరో తాడు కట్టి లాగినట్టుండేది. పెరట్లోకి వెళ్ళాలన్నా సారమ్మ భుజం కావాలి. చర్చిలో అందరూ చాపల మీద మోకరిస్తే నాకు గోడ వారన కుర్చీ వేశారు. పైన కూర్చుని అందరి నడినెత్తులూ చూడడం నాకు నచ్చలేదు.

వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళి కాలుకు వ్యాయామం చేయించుకునేవాణ్ణి. చేయించే అమ్మాయి పేరు అస్మా.

"నెప్పి పదిలో ఎంతుందండీ?" అని అడిగేది.

"రెండు" అనేవాణ్ణి.

ఎప్పుడడిగినా రెండే. ఎక్కువ చెబితే పనికి రాడని కాగితం మీద రాస్తుందని నా అనుమానం. రెండు అన్నకొద్దీ ఆమె కాలు ఇంకాస్త వంచేది. ఒకరోజు మోకాలు కుండలా వాచి, బస్సు మెట్టు ఎక్కలేకపోయాను. తరువాతిసారి సారమ్మ నాతో లోపలికి వచ్చింది.

"ఈయన్నడిగితే లాభం లేదమ్మా. కాలు ఊడి పక్కన పడినా రెండే అంటారు" అంది.

అస్మా నవ్వలేదు. కాగితం పక్కన పెట్టింది.

"మీరు చేసే పనేంటండీ?"

చెప్పాను.

"అయితే అంకెలొద్దు. నిండు సంచి అంటే భరించలేని నెప్పి అనుకోండి. ఇప్పుడు ఎంతుంది?"

కాస్త ఆలోచించుకున్నాను. "ముప్పాతిక సంచుందమ్మా."

"అద్దీ. సగం దాకా చేద్దాం. దాటితే ఆపమనాలి మీరు."

అప్పట్నుంచి ఉన్నదున్నట్టు చెప్పాను. కాలు కుదురుకోవడం మొదలైంది. కానీ పడవ సంగతి అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎడం కాలి మీద బరువు ఆపి తోసే పని మటుకు ఇప్పట్లో వద్దండీ."

ఎండాకాలం మొదట్లో బుచ్చిబాబు గారు ఇంటికి వచ్చారు.

"ఇంక పడవెందుకయ్యా సత్యవేదం? గట్టు మీద షెడ్డులో కూర్చుని కాపలా చూసుకో. నీ బదులు మేత భీమశంకరం కడుతున్నాడుగా."

"వాడు కట్టి వచ్చేస్తాడండి. సంచి ఎత్తి చూడడు."

"నువ్వు చూస్తావా, ఈ కాలితో?"

"నెల్రోజులు ఆగండి. అప్పుడు చూసి చెప్పండి."

నెలే అన్నారాయన. ఆ తరువాత షెడ్డే.

చిన్నప్పట్నుంచి నేను గెడ కుడి పక్కన వేసేవాణ్ణి. అలా తోస్తే బరువు ఎడమ కాలి మీద ఆగుతుంది. ఎడమ పక్కన వేస్తే కుడి కాలి మీద ఆగుతుంది. మా వైపు గెడ పక్క మార్చుకున్నవాణ్ణి నేను చూడలేదు. చేతులు ఒప్పుకోవు. అయినా పెరట్లో మంచం పక్కన నిలబడి, వెదురు గెడతో నేలను తోయడం మొదలుపెట్టాను. నొప్పి సగం దాటితే మంచం మీద కూర్చునేవాణ్ణి. తగ్గాక లేచేవాణ్ణి.

సారమ్మ గిన్నెలు తోముతూ చూసేది.

"ఎందాకా వెళ్ళిందండీ పడవ? కొల్లేటికోట దాటిందా?"

"ఇంకా పెరట్లోనే ఉంది."

"అయితే లంగరేసి రండి. కూర చల్లారిపోతోంది."

నెల నిండిన రోజు సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్ళాను. బుచ్చిబాబు గారు గట్టు మీద నిలబడ్డారు. నేను పడితే పట్టుకోవడానికి భీమశంకరం పడవ ముందు భాగంలో కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు, నోరు ఊరుకోదు.

మొదటి తోపుకు పడవ గిర్రున తిరిగింది. రెండో తోపుకూ అంతే.

"బాబాయ్, కర్రకి ప్రదక్షిణం చేయిస్తున్నావా నన్ను?"

"కదలకుండా కూర్చో."

తొడలో పోటు ఎక్కువైతే గెడ దింపి ఆగాను. ఎవరు ఏమనుకున్నా ఆగాను. నాలుగో కర్ర దగ్గర చేతులకు పని అందింది. అక్కడ్నుంచి పడవ తిన్నగా నడిచింది. ఉత్తరం మూల చేరి ఒక సంచి ఎత్తాను. బరువుగా ఉంది. పక్కదీ అంతే. చెయ్యి పెట్టి వాసన చూశాను.

గట్టు దగ్గరికి వచ్చి చెప్పాను. "ఉత్తరం మూల చేప తినట్లేదండి. మొన్నటి తవుడు పులిసిపోయి ఉంది. దాని మీదే కొత్తది పోశారు. నీళ్ళు పరీక్ష చేయించండి."

భీమశంకరం పడవలో నీళ్ళు తోడడం మొదలెట్టాడు, తోడడానికి పెద్దగా లేకపోయినా.

బుచ్చిబాబు గారు ఆ మూల వైపు చూసి, నా వైపు తిరిగారు.

"కాలు నెప్పెడుతోందా?"

"పెడుతోందండి. ఆగి ఆగి చేస్తాను."

"సరే, రేపట్నుంచి రా. సంచులు మొయ్యడం వాడి పని. తోయడం, చూడడం నీది."

మర్నాడు తెల్లవారగానే మాత్ర వేసుకుని చెరువుకు వెళ్ళాను. భీమశంకరాన్ని ఎక్కించుకుని ఉత్తరం మూలకు పడవ తోశాను. అక్కడున్న పద్నాలుగు సంచులూ విప్పించి, పులిసిన తవుడు దూరంగా పారబోయించి, గట్టు మీద కూర్చుని ఒక్కోటీ కడిగి ఆరేశాను. ఆ పూట ఆ మూల మేత కట్టలేదు.